ఒంటి కాన్పు

మోటారుబండి గుమ్మం ముందు ఆగీ ఆగకముందే ఆడబిడ్డలిద్దరూ ఎదురొచ్చారు. తైవో, కెహిందె. ఒకే ముఖం, ఒకే నడక, నడుముకు ఒకే తానులోంచి చింపిన నీలం గుడ్డ. చెరో బిడ్డనూ అందుకుందామని ఇద్దరూ చేతులు చాచుకుని నిలబడ్డారు. అబెనికి బండి దిగడమే గండమైపోయింది. తొడలు వణుకుతున్నాయి, ఒళ్ళంతా ఇంకా పచ్చిపుండులాగే ఉంది. ఒళ్ళోని మూటను జాగ్రత్తగా ముందుకు చాపింది. తైవో అందుకుంది. కెహిందె చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

"నాది ఏదీ?" అంది కెహిందె.

"ఒక్కడే వదినా. మగబిడ్డ."

కెహిందె నవ్వింది. బాలింత వేళాకోళమాడుతోందనుకుంది. వీధి మొగదాకా చూసి, "రెండోవాణ్ణి ఎవరు తెస్తున్నారు? వెనక బండిలో వస్తున్నారా?" అని అడిగింది.

"ఎవరూ రావడంలేదు. పుట్టింది ఒక్కడే."

అప్పుడు నవ్వు ఆగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఊళ్ళో ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఇయా ఇబెజి అంటారు, కవలల తల్లి అని. ఆ మాటకొస్తే ఇగ్బో ఒరాలో ఏ వీధిలోకి వెళ్ళినా కవలల తల్లి ఒకతె ఎదురుపడుతుంది. అయినా ఇయా ఇబెజి అన్నారంటే ఈవిడే, ఎందుకంటే ఆ తల్లుల్లో చాలామందికి పురుడు పోసింది ఈవిడే. పొట్టమీద షియా వెన్న రాసి, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ ఆనించి "ఇద్దరు" అనేది. ఇద్దరే పుట్టేవారు. "ఒక్కరు" అందంటే ఆ ఇంటిల్లిపాదికీ ముఖాలు వేలాడిపోయేవి.

అబెని పొట్టమీద అయిదో నెలలో చెయ్యి వేసి ఇద్దరంది. సాయంత్రానికల్లా సంతంతా తెలిసిపోయింది. రెండు టోపీలు, రెండు చిన్న పీటలు, వీపున కట్టుకోవడానికి రెండు గుడ్డలు ఇంట్లోకి వచ్చేశాయి. ఊళ్ళో ఏటేటా జరిగే కవలల పండక్కి మనవలిద్దర్నీ వెంటేసుకుని ఊరేగడానికి ఆవిడ తనకూ ఓ కొత్త గుడ్డ కుట్టించుకుంది.

అబెని నొప్పిని పళ్ళబిగువున పట్టుకుని అత్తగారి ముందు మోకాళ్ళమీద వంగింది. ఆవిడ లెమ్మనలేదు.

"పెద్దవాడేడీ?" అంది.

ఈ ఊళ్ళో లెక్క అది. ముందు పుట్టినవాడు చిన్నవాడు. పెద్దవాడు కడుపులో దర్జాగా కూచుని, బయట ఎలా ఉందో చూసిరమ్మని తమ్ముణ్ణి తోలతాడు. వచ్చిన తమ్ముడు తైవో, తీరిగ్గా దిగే అన్న కెహిందె. ఆడపిల్లలైనా మగపిల్లలైనా పేర్లు అవే, ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

"పెద్దవాడూ వాడే, చిన్నవాడూ వాడే అత్తమ్మా."

"అంటే నా చెయ్యి అబద్ధమాడిందా?"

అబెని తల దించుకునే ఉంది.

"పురుళ్ళు పోసేదాన్ని ఇంట్లో నేనుండగా, కూడలి దగ్గర ఆ నర్సు పంచన పడి కన్నావెందుకే? మాకెవరికీ కనిపించకుండా?"

"మీరు పల్లెలో పురుడుకి వెళ్ళారు కదా. నొప్పులు ఆగలేదు. దారినపోయే బండి ఎక్కాను."

"నేనొచ్చేదాకా ఓర్చుకోలేకపోయావు. సరే. రెండోవాణ్ణి ఎవరికిచ్చావు?"

వాకిట్లో గరి వేయించే ఆడవాళ్ళంతా చేతులు ఆపేశారు. పెనాల మీద కర్రపెండలం పిండి మాడిన వాసన వస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు. అబెని తలెత్తి అత్తగారిని కాదు, గోడకానుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. పేరు ఇదోవు. కవలల తర్వాత పుట్టినవాడికి పెట్టే పేరది. ఇదోవు అన్నవాడు మొండిఘటం అవుతాడని, తల్లిని మూడుచెరువుల నీళ్ళు తాగిస్తాడని ఊరంతా అంటుంది. ఈ ఇదోవు మాత్రం తల్లి తుమ్మితే తాను ముక్కు తుడుచుకునే రకం.

అతనికి తెలుసు. ఏడో నెలలో అబెయోకుట పట్నానికి తీసుకెళ్ళి స్కానింగు మిషను కింద పడుకోబెట్టి చూపించినప్పుడు అతను మంచం పక్కనే కూచున్నాడు. "ఒక్కడే, బాగా బలంగా ఉన్నాడు" అని అక్కడి డాక్టరమ్మ అన్నప్పుడు తానే రెండోసారి అడిగాడు, సరిగ్గా చూశారా అని. తిరిగొస్తూ దారిలో బండి ఆపి, "ఈ మాట ఇంట్లో అనకు. అమ్మ చెయ్యి ఎన్నడూ తప్పలేదు. ఎవరిది తప్పో పుట్టాక వాళ్ళే చూసుకుంటార్లే" అన్నాడు. ఇప్పుడు పుట్టాడు. చూస్తున్నారు. అతను మాత్రం బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నేలకేసి చూస్తున్నాడు.

*

కోపతాపాలు ఎన్నున్నా మనవడికి స్నానం చేయించే హక్కు నాయనమ్మది. ఇయా ఇబెజి ఆ హక్కు వదులుకోలేదు. పొద్దున్నే పొట్టి పీట మీద కూచుని, కాళ్ళు బారచాపి, పసివాణ్ణి వాటిమీద బోర్లా పడుకోబెట్టింది. నల్లసబ్బు పీచుకు పట్టించి వీపు రుద్దింది. చేతులు వెనక్కి విరిచి, కాళ్ళు మెలేసి, మెడకింద వేళ్ళు పెట్టి తల గుండ్రంగా ఒత్తింది. చంకలకింద పట్టుకుని మూడుసార్లు ఎగరేసింది. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. పాత చెయ్యి, ఎక్కడా తడబాటు లేదు. ఆ కాసేపూ చూసినవాళ్ళెవరూ ఆ మనిషి కోపంగా ఉందని అనుకోరు. తుడిచి, నూనె రాసి వాణ్ణి పక్కన పడుకోబెట్టాక, అలవాటుగా ఆవిడ చెయ్యి రెండో బిడ్డ కోసం పక్కకు వెళ్ళింది. తడి గచ్చు తగిలింది. అబెనికేసి చూసి నోరంతా చేదైనట్టు మొహం పెట్టింది.

"రా. నీ పొట్ట కాపాలి."

అబెని చాపమీద వెల్లకిలా పడుకుంది. అత్తగారు కుండలోని పొగలు కక్కే నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, పొట్టమీద వేసి అదమడం మొదలుపెట్టింది. బొడ్డుకింద, పక్కలకు, మళ్ళీ బొడ్డుకింద. అబెని పళ్ళు కొరుక్కుంది. కొంతసేపటికి అదమడం ఆగింది. గుడ్డ తీసేసి ఉత్త అరచెయ్యి ఆనించింది అత్తగారు. వేళ్ళు లోపలికి దిగి, గర్భసంచి ఎక్కడుందో వెతికాయి. అది అప్పుడే పిడికిలంతై గట్టిగా, బుద్ధిగా కిందికి దిగి ఉంది. ఇద్దరు పడుకున్న కడుపు ఇంత తొందరగా ఇలా దిగదు. ఇన్నేళ్ళుగా ఇన్ని పొట్టలు పట్టిచూసిన చేతికి అది ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ చెయ్యి కదలకుండా ఉండిపోయింది. అబెని కళ్ళు తెరిచింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"తెలిసిందిగా అత్తమ్మా," అంది అబెని నెమ్మదిగా.

ఇయా ఇబెజి గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచింది. ఈసారి పిండలేదు. కాగుతున్న నీళ్ళతోనే పొట్టమీద పడేసింది. అబెని కెవ్వుమంది.

"బాలింతవి. నోరు తగ్గించుకో," అంది ఆవిడ.

*

మర్నాడు ఆడబిడ్డలు తయారై కూచున్నారు, కూడలి ఆస్పత్రికి పోయి నర్సును నిలదీస్తామని. అబెనిని కూడా రమ్మన్నారు. పచ్చి బాలింతను మోటారుబండి ఎక్కించకూడదని తైవోకీ తెలుసు, కెహిందెకీ తెలుసు, ఇద్దరూ చెరి ముగ్గురేసి పిల్లల్ని కన్నవాళ్ళే. ఇదోవు బండి తీశాడు. వద్దని ఒక్కమాట అంటాడేమోనని అబెని అతని వీపుకేసి చూస్తూ కూచుంది. గుంట వచ్చినప్పుడల్లా మాత్రం కాస్త నెమ్మదిగా పోనిచ్చాడు. అంతవరకే అతని మంచితనం.

నర్సు మొరాయో వయసులో చిన్నదే. రెండు గదుల ఆస్పత్రి, ఒక్కతే మనిషి. వరండాలో బల్లమీద నలుగురు గర్భిణులు కూచున్నారు. ఆడబిడ్డలిద్దరూ వాళ్ళముందే గొంతెత్తారు.

"మా పిల్లాణ్ణి ఎక్కడ దాచావు?" అంది తైవో.

"ఎంతమందికి ఇలా చేశావు?" అంది కెహిందె.

మొరాయో చేతిలోని కత్తెరలు నీళ్ళలో వదిలి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముందు అబెనిని చూసింది. "నిన్నెవరు లేచి తిరగమన్నారు? కూచో," అని బల్లమీద చోటు చేయించింది. ఆ తర్వాత వీళ్ళకేసి తిరిగింది.

"ఒక్కడే పుట్టాడమ్మా. మాయ ఒకటే. నేను కోసిన బొడ్డు ఒకటే."

"మా ఊళ్ళో మేకలు కూడా జంటల్నే ఈనుతాయి," అంది కెహిందె. "మా అమ్మ చెయ్యి వేసి చెప్పింది ఇద్దరని. మీ చదువులు మా దగ్గర చూపించకు. చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు మా ఇంటికి. మీరేం తింటారు, బెండాకు కూర ఎలా వండుతారు, ఏ నీళ్ళు తాగుతారు అని అడిగి, మా నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. ఒక్కడికీ ఏమీ అంతుపట్టలేదు."

"వాళ్ళే లెక్క కూడా వేసుకెళ్ళారు," అంది మొరాయో. "లోకంలో ఎక్కడా లేనంతమంది కవలలు ఇక్కడే. నేను కాదనడంలేదు. కానీ ఇక్కడైనా వంద కాన్పుల్లో జంటలు అయిదో ఆరో. మిగతావాళ్ళంతా ఒక్కొక్కరే వస్తారమ్మా. వాళ్ళకి పండగ చెయ్యరు కాబట్టి మీ కంటికి ఆనరు."

బల్లమీద ఓ గర్భిణి కిసుక్కున నవ్వింది. తైవో ఆమెకేసి చూసిన చూపుకు ఆ నవ్వు గొంతులోనే దిగిపోయింది.

అబెనికి ఆ మాట ఎక్కడో తగిలింది. అత్తింటి వాకిట్లో గరి వేయించే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఒంటిగా పుట్టి, ఒంటిగా పెరిగి, ఒంటి బిడ్డల్ని కన్నవాళ్ళే అందులో ఎక్కువమంది. వాళ్ళూ తనను దొంగను చూసినట్టే చూశారు. తన పుట్టిల్లు ఇకెరెలో కవలలు పుడితే చూడ్డానికి పక్క వీధులవాళ్ళు వచ్చేవారు. ఇక్కడ ఒక్కడు పుడితే వచ్చారు.

"చచ్చి పుడితే పూడ్చేశావా? చెప్పు," అంది తైవో. "అలాగైనా చెప్పు. పోలీసుల్ని తీసుకొచ్చి తవ్విస్తాం."

మొరాయో లోపలికి వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. "చంపానంటారా, అమ్మానంటారా? ఏదో ఒకటి తేల్చుకుని రండి. నాకు బల్లమీద నలుగురున్నారు."

ఆ నలుగురిలో ఇద్దరు అప్పటికే లేచి, చెప్పులు వెతుక్కుంటున్నారు.

*

నామకరణం ఇంకా రెండు రోజులుందనగా అబెని గరి పెనం ముందు కూచుంది. కూచోమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఊరికే కూచుని తినేవాళ్ళకి తిండి పెట్టడం మానేస్తే తెలుస్తుందని కెహిందె ఎవరితోనో అనడం ఆమె చెవిన పడింది, అంతే. వీపున పసివాణ్ణి కట్టుకుని, నారింజరంగు పొడిని సొరకాయ చిప్పతో పెనంమీద నెడుతూ, ఎత్తిపోస్తూ, మళ్ళీ నెడుతోంది. పొగ కళ్ళకు కొడుతోంది. ఇదోవు వచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు. చాలాసేపు పొయ్యిలో పుల్లలు సర్దాడు, అక్కర్లేకపోయినా.

"అమ్మ ఒక మాట చెప్పమంది," అన్నాడు.

"నాతో చెప్పడానికి ఆవిడకి నోరు లేదా?"

"వినవే. ఇద్దరు పుట్టారు, ఒకడు దక్కలేదు అను. ఒక్క మాట. అంతే, గొడవ సరి. అమ్మ బొమ్మ చెక్కించింది. పోయినవాడి బదులు దాన్ని పీటమీద కూచోబెడతారు. పిల్లాడికి నీళ్ళు పోసినప్పుడు దానికీ పొయ్యాలి, తినిపించినప్పుడు దానికీ మూతికి రాయాలి. మా నాయనమ్మ అలాగే చేసింది. నువ్వూ కవలల తల్లివి అవుతావు. సంతలో నీకు దారిస్తారు. ఇంకెవరూ నిన్ను ఒక్క మాట అనరు."

అబెని చిప్ప ఆపలేదు. "పుట్టనివాణ్ణి చచ్చాడనమంటావు."

"పుట్టనివాడికి నష్టమేముంది?"

"నీకు మిషను దగ్గర చెప్పారా లేదా?"

అతను పొయ్యిలోకి చూశాడు.

"చెప్పారా లేదా?"

"చెప్పారు."

"అయితే ఆ మాట మీ అమ్మతో అను. నీది కూడా ఒక్క మాటే."

"అమ్మకి చేతి మీదే బతుకంతా. ఈ ఒక్కటీ తప్పిందని తెలిస్తే రేపు ఆవిడ దగ్గరికి ఎవరు పొట్ట పట్టుకొస్తారు? ముసలిదాన్ని వీధిన పెట్టమంటావా?"

"మొరాయోని పెట్టొచ్చా? దక్కలేదంటే చంపింది ఆమేననే కదా మీ అక్కలు పోలీసుల్ని తెచ్చేది. నాకు పురుడు పోసిన చేతులు అవి. నేను అరుస్తుంటే నా తల ఒళ్ళో పెట్టుకుంది." వీపున పసివాణ్ణి పైకి సర్దుకుంది. "వీడి సంగతి ఆలోచించావా? పొద్దున లేచిందగ్గర్నుంచీ చచ్చినవాడి జోడీ అంటారు. జ్వరమొస్తే అన్న పిలుస్తున్నాడంటారు. వీడు నిండుగా పుట్టాడయ్యా. సగం చెయ్యమంటావేం?"

ఇదోవు లేచి నిలబడ్డాడు. "అనకపోతే నామకరణం కాగానే నిన్ను ఇకెరె పంపేస్తుందట. పిల్లాణ్ణి ఇవ్వదట. దొంగబుద్ధి దాని చేతిలో మిగిలినవాణ్ణి కూడా పెట్టనంది. నేను ఆపలేను. ముందే చెప్తున్నాను."

"ఆపలేవని నాకు తెలుసులే," అంది అబెని. చిప్ప పట్టుకున్న వేళ్ళకు పెనం అంచు తగిలి చురుక్కుమంది. ఆమె చెయ్యి తీయలేదు, పొడి మాడిపోతుందని.

*

నామకరణం రోజు వాకిట్లో చాపలు పరిచారు. కవలల ఇల్లు కాబట్టి పెద్ద డేగిసాలో అలసందలు ఉడుకుతున్నాయి, ఎర్రటి తాటినూనె పైకి తేలి. వీధి పిల్లలంతా చేతిలో గిన్నెలు పెట్టుకుని తయారు. తేనె, ఉప్పు, నీళ్ళు, కోలా కాయలు పళ్ళెంలో వరసగా పెట్టారు. వంశంలో పెద్దాయన అలాబి మధ్యలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఆయన ముందు రెండు పీటలు. ఒకదాని వెనక పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అబెని కూచుంది. రెండోదాని మీద జానెడున్నర కొయ్యబొమ్మ. కొత్తగా చెక్కినది, పచ్చి కొయ్యవాసన పోలేదు. ఎర్రపొడి రుద్దారు. దానికి చిన్న టోపీ కూడా పెట్టారు, పసివాడి టోపీకి జోడీది.

ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబమే అది. అయినా ఆ బొమ్మ ముందునుంచి నడిచేటప్పుడు ఒక్కరూ వీపు చూపించలేదు.

"అమ్మాయీ," అన్నాడు అలాబి. "మీ అత్త నాతో అంతా చెప్పింది. పోయినవాడి గురించి ఏడవద్దు. వాడు ప్రయాణం పోయాడు, అంతే. బొమ్మను ఎత్తుకో. రొమ్ముకు ఆనించు. తర్వాత పేర్లు పెడదాం."

అందరూ అబెనికేసి చూశారు. ఆడబిడ్డలు ఇద్దరూ ఒకేలా చేతులు కట్టుకున్నారు. నెలలు నిండిన పక్కింటి కోడలు ఒకతె ఇయా ఇబెజి కాళ్ళ దగ్గర కూచుని ఉంది, కార్యక్రమం అయ్యాక పొట్ట చూపించుకుందామని.

"నేను ఎత్తుకోను పెదనాన్నా," అంది అబెని. గొంతు సన్నగా వచ్చింది, మళ్ళీ అంది. "ఇది నా బిడ్డ కాదు. నాకు పోయినవాడెవడూ లేడు. వీడొక్కడే."

గుసగుసలు లేచాయి. "కళ్ళల్లో నీటిచుక్క కూడా లేదు చూడు," అంది తైవో. "అమ్ముకున్నదానికి నీళ్ళెలా వస్తాయి," అంది కెహిందె.

అలాబి చెయ్యెత్తాడు. ముసలాయనకు పొద్దెక్కుతోంది, ఆకలిగా కూడా ఉంది. "ఆడవాళ్ళ మాటలు తెమలవు. తండ్రి ఉన్నాడు కదా. ఇదోవూ, ఇలా రా. ఈ బొమ్మ తలమీద చెయ్యి పెట్టి చెప్పు. నీ పెళ్ళాం కడుపులో ఎంతమంది? నువ్వు చెప్పిందే ఖాయం."

ఇయా ఇబెజి కుర్చీలోంచి ముందుకు వంగింది. ఈ ఒట్టు ఆవిడ అనుకున్నది కాదు.

ఇదోవు లేచాడు. అబెని అతన్నే చూస్తోంది. చూపు అటు మళ్ళితే చాలు, ఒక్కసారి తనకేసి చూస్తే చాలనుకుంది. అతను తల్లికేసి చూశాడు. ఏం చెప్పను అన్నట్టు, బడిలో పాఠం రానివాడు చూసినట్టు. తల్లి ముఖంలో ఏమీ లేదు. దాన్నే జవాబనుకున్నాడు కాబోలు, రెండో పీట దగ్గరికి వచ్చి వంగాడు.

"ఇద్దరు పెదనాన్నా," అన్నాడు, చెయ్యి చాపుతూ. "ఇద్ద..."

చెయ్యి బొమ్మను తాకలేదు. ఇయా ఇబెజి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కొడుకు మణికట్టు రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆవిడ పట్టుకు అతను తూలి మోకాలిమీద పడ్డాడు.

"ముట్టుకోకురా," అంది. ఆయాసపడుతోంది. "వెధవా, ముట్టుకోకు. అబద్ధమాడి దాన్ని ముట్టుకుని బతికినవాణ్ణి నేను చూడలేదు."

డేగిసాలో అలసందలు కుతకుత ఉడకడం వినిపిస్తోంది.

"అబద్ధమేమిటి?" అన్నాడు అలాబి.

ఇయా ఇబెజి కొడుకు చెయ్యి వదల్లేదు. ఎవరికేసీ చూడలేదు.

"ఒక్కడే," అంది. "పుట్టింది ఒక్కడే. పురుడైన మూడోనాడే నా చేతికి తెలిసింది. ముందు వేసినప్పుడు తప్పింది. పిల్లాడు పెద్దవాడు, అడ్డంగా పడుకున్నాడు, నేను రెండు తలలనుకున్నాను. చాలా? ఇంకేమన్నా చెప్పమంటారా?"

ఆవిడ కుర్చీ దగ్గర కూచున్న పక్కింటి కోడలు మెల్లగా పైగుడ్డ లాక్కుని పొట్ట కప్పుకుంది. కొంచెం అవతలికి జరిగింది. ఇయా ఇబెజి అది చూసింది. చూసి, వంగి, బొమ్మమీది టోపీ తీసి నడుములో దోపుకుంది. బొమ్మను గుడ్డలో చుట్టింది, పసిబిడ్డను చుట్టినంత పద్ధతిగానూ.

అబెని పక్కనుంచి లోపలికి వెళ్తూ ఆగింది. "నీకోసం కాదు," అంది, పళ్ళమధ్య నుంచి. "వాడు నా కడుపున పుట్టాడు. అందుకు."

"తెలుసు అత్తమ్మా," అంది అబెని.

అలాబి గొంతు సవరించుకుని, అయితే పేరేమిటన్నాడు. ఇదోవు మోకాలికంటిన మట్టి దులుపుకుంటున్నాడు. అయోదెలె అంది అబెని, సంతోషం ఇల్లు చేరింది అని. ముసలాయన పసివాడి నాలుకకు తేనె తాకించి ఆ పేరు బిగ్గరగా చెప్పాడు. మూడుసార్లు చెప్పాలి. మూడోసారి కొంతమంది పలికారు.

*

సందుకావలకు పొద్దు వాలేసరికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. అలసందలు మాత్రం గింజ మిగలకుండా తిన్నారు. ఆడబిడ్డలు డేగిసా తోముతూ తమలో తాము కూడా మాట్లాడుకోవడంలేదు. కూడలికి వెళ్ళి ఆ నర్సుతో ఏమనాలో ఎవరు అనాలో తేల్చుకోలేక కాబోలు.

అబెని గదిలోకి వెళ్ళి చాప చుట్టింది. పసివాడి గుడ్డలు, తన రెండు గుడ్డలు మూట కట్టింది. ఇదోవు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అయిపోయిందిగా," అన్నాడు. "అమ్మే చెప్పేసిందిగా ఒక్కడేనని. ఇంకా ఎక్కడికి?"

ఆమె అతన్ని తేరిపార చూసింది. బొమ్మమీదికి చాచిన చెయ్యి ఇప్పుడు గుమ్మం పట్టుకుని ఉంది.

"ఆవిడ చెప్పింది," అంది. "నువ్వు ఇద్దరన్నావు."

"అది... అమ్మకోసం అన్నాను. నీకు తెలీదా?"

"అడ్డు తప్పుకో."

అతను తప్పుకున్నాడు. ఇంకేం చేస్తాడు, ఎవరు గట్టిగా అంటే వాళ్ళకి తప్పుకోవడమే అతనికి వచ్చు. అబెని వాకిలి దాటలేదు. వాకిలి దాటి ఇకెరె పోతే ఓడిపోయి పారిపోయిందంటారు, ఆ సంతోషం ఆడబిడ్డలకు ఇవ్వదలుచుకోలేదు. నడవలో నడిచి, చివరి గది తలుపు కాలితో తోసింది.

ఇయా ఇబెజి దీపం కూడా పెట్టుకోకుండా మంచంమీద కూచుని ఉంది. కాళ్ళు వేలాడేసి, అరచేతులు రెండూ మోకాళ్ళమీద వెల్లకిలా పెట్టుకుని. కోడల్ని చూసి చేతులు తిప్పేసింది.

"ఏమే? ఇక్కడికెందుకొచ్చావు?"

"నీ కొడుకు గదిలో పడుకోను."

"నా గది సత్రమనుకున్నావా? నీ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతోంది."

"నాకూ అంతే. అయినా ఈ ఇంట్లో ఉన్న నిజం ఒక్కసారైనా అన్నది నువ్వొక్కదానివే."

అబెని చాప నేలమీద పరిచింది. పసివాణ్ణి గోడవారగా పడుకోబెట్టి, మూట తలకింద పెట్టుకుని, గోడవైపు తిరిగింది. పసివాడు కదిలి మూలిగాడు. మంచం కిర్రుమంది. ముసలిది దిగి, చీకట్లోనే తడుముకుంటూ వచ్చి, ఆవిడ పెద్ద మోకాలు అబెని వీపుకు తగిలేలా చాపమీద చతికిలబడింది.

"ఒక్కణ్ణి కన్నదానివి, ఇంత చోటెందుకే నీకు?" అంది. "జరుగు."